పెట్టె ఫ్రాంక్‌ఫర్ట్‌లో, మేం లిస్బన్‌లో

లిస్బన్‌లో అక్క ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ నాన్నని తీసుకురమ్మని పోరుతోంది, మొత్తానికి ఈ ఆగస్టులో కుదిరింది. తిరిగొచ్చి వారం కాలేదు. బిల్లులు, ట్యాగులు, మెయిళ్ళు అన్నీ ఇంకా టేబుల్ మీదే ఉన్నాయి, ఇప్పుడే రాసేస్తే మంచిదనిపించింది. లిస్బన్ కబుర్లు ఉన్నాయి కానీ వాటికి ముందు, మధ్యలో, ఆఖర్న కూడా నాన్న సూట్‌కేసే ఉంది, అందుకని దాన్ని పట్టుకునే చెప్పుకొస్తాను.

ఫ్రాంక్‌ఫర్ట్, ఆగస్టు 13 సాయంత్రం

ఇక్కడ విమానం మారి లిస్బన్ వెళ్ళాలి. మా మొదటి విమానం టైముకే దిగింది, కానీ తలుపు తెరవలేదు. చుట్టుపక్కల పిడుగులు పడుతున్నాయని, ర్యాంప్ (విమానాలు ఆగే చోటు) మూసేశారని కెప్టెన్ చెప్పాడు. పిడుగు భయం ఉన్నంతసేపు బయట ఒక్క మనిషి కూడా పనిచేయకూడదు. సామాను దించేవాళ్ళు, ఇంధనం నింపేవాళ్ళు, విమానాన్ని వెనక్కి తోసే ట్రాక్టర్ నడిపేవాళ్ళు అందరూ లోపలికి వెళ్ళిపోవాలి. విమానాలు దిగుతూనే ఉంటాయి, దిగినవి మాత్రం ఖాళీ కావు. కిటికీలోంచి చూస్తే వానలో సామాను బండ్లు ఎక్కడివక్కడ ఆగిపోయి ఉన్నాయి, కొన్నింటికి పక్క తెరలు కూడా వెయ్యలేదు. ముందు సీటాయన విసుక్కుంటుంటే నాన్న నాతో మెల్లగా, "మెరుపుల్లో మనుషుల్ని ఎలా పంపుతార్రా, ఆగడమే న్యాయం" అన్నారు. ఆ మాట నాకు రాత్రంతా పనికొచ్చింది. వాన ఎవరి తప్పూ కాదు, నా కోపమంతా వాన వెలిశాక జరిగినదాని మీద.

బయటపడ్డాక మళ్ళీ సెక్యూరిటీ, తర్వాత పాస్‌పోర్ట్ లైను. అక్కడ నాన్న మోకాలు పట్టేసింది. మా లిస్బన్ విమానం రాత్రి తొమ్మిదికి, A గేట్ల వైపు. బోర్డు మీద అరగంట ఆలస్యం అని ఉంది. అరగంట తర్వాత చూస్తే ఇంకో అరగంట కలిపారు. అలా పది నలభై దాకా జరిపారు. ఒకేసారి "మూడు గంటలు పడుతుంది" అని చెప్తే మనిషి ఎక్కడో కాస్త నడుం వాలుస్తాడు, ఏదో తింటాడు. ఈ అరగంటల లెక్కతో గేటు దగ్గర్నుంచి కదలనివ్వరు.

ఫ్రాంక్‌ఫర్ట్‌లో రాత్రి 11 నుంచి ఉదయం 5 దాకా షెడ్యూల్ విమానాలు మామూలుగా ఎగరడానికీ దిగడానికీ వీల్లేదు. చుట్టూ ఊళ్ళున్నాయి, జనం నిద్రపోవాలి, కోర్టులు కూడా ఆ మాటే ఖాయం చేశాయి. నియమం మంచిదే. కానీ పదిన్నర దాటినా సిబ్బంది జాడ లేదంటే ఆ విమానం ఇక కదలదని ఎయిర్‌లైన్‌కి తెలియకుండా ఉండదు. మాకు మాత్రం పదకొండుకి అయిదు నిమిషాల ముందు బోర్డు మీద రద్దు అని ఎర్రక్షరాల్లో కనబడింది. అప్పటికి షాపులన్నీ మూసేశారు.

సర్వీస్ డెస్క్ దగ్గర లైను మలుపు తిరిగి నడక బెల్ట్ దాకా వచ్చింది. ఇక్కడ ఒక విషయం అందరూ తెలుసుకోవాలి. యూరప్ 261 నిబంధన ప్రకారం వాతావరణం వల్ల రద్దయితే దూరాన్ని బట్టి వచ్చే 250, 400, 600 యూరోల పరిహారం రాదు, కానీ తిండి, రాత్రి బస, వేరే విమానంలో సీటు మాత్రం వాతావరణమైనా సరే ఇవ్వాల్సిందే. నా ముందున్న కుర్రాడికి డెస్క్‌లో "వానకి మా బాధ్యత లేదు" అని ఒక్క ముక్క చెప్పి పంపేశారు. వాడు నమ్మి వెళ్ళిపోబోతుంటే ఆపి ఫోన్లో ఆ నిబంధన తీసి చూపించాను, వెనక్కి వెళ్ళి కూపన్ తీసుకున్నాడు. హోటళ్ళు నిండిపోయాయన్నారు. ఇచ్చిన ఆహార కూపన్ వాడదామంటే తెరిచిన షాపు లేదు. ఓ మూల యంత్రంలో నీళ్ళ సీసా కొన్నాం, దాని మీద డిపాజిట్ అని 25 సెంట్లు అదనంగా పడింది. ఖాళీ సీసా తిరిగిస్తే ఇచ్చేస్తారట, జర్మనీ అంతా అదే పద్ధతి.

ఆ రాత్రి మడత మంచాలు తెచ్చి వరసగా వేశారు, పల్చటి దుప్పటి కూడా ఇచ్చారు. మా పక్క మంచం మీద ఓ పోర్చుగీసు పెద్దావిడ, ఆవిడ భర్త. ఇద్దరూ లక్సెంబర్గ్‌లో ఇళ్ళు శుభ్రం చేసే పనిలో ముప్ఫై ఏళ్ళుగా ఉన్నారట, ఆగస్టులో ఊరెళ్తున్నారు. ఫ్రాన్స్, జర్మనీ, లక్సెంబర్గ్‌లలో పనిచేసే పోర్చుగీసువాళ్ళు చాలామంది ఆగస్టులోనే సొంతూళ్ళకి బయల్దేరతారు, అందుకే ఒక విమానం పోతే తర్వాతి దాంట్లో సీట్లు దొరకవు. ఆవిడ సంచిలోంచి ఓ గట్టి రొట్టె, జున్నులాంటి చీజ్ తీసి చిన్న చాకుతో ముక్కలు కోసి, నాన్నకి మొదటి ముక్క ఇచ్చింది. ఆయనకి ఆవిడ భాష రాదు, ఆవిడకి ఈయన భాష రాదు. మోకాలు చూపించి ఒకళ్ళకొకళ్ళు ఏదో చెప్పుకున్నారు, ఆవిడకీ మోకాళ్ళ నొప్పేనట. నాన్న ఆమె ఇచ్చింది తినేసి బీపీ మాత్ర వేసుకుని పడుకున్నారు. మందులన్నీ చేతి సంచిలో ఉన్నాయి, అదొక్కటే ధైర్యం.

ఫ్రాంక్‌ఫర్ట్, ఆగస్టు 14 పొద్దున

కొత్త బోర్డింగ్ పాస్‌లు ఫోన్లోకి వచ్చేశాయి, మధ్యాహ్నం విమానం. గేటు A నుంచి Bకి మారింది. రెంటికీ మధ్య నేల కింద సొరంగం ఉంది, బోర్డులు చూసుకుంటూ దిగాం. ఒకచోట బాణం గుర్తు ఎటు చూపిస్తోందో తెలియక, అందరూ వెళ్తున్న వైపు వెళ్తే గాజు తలుపు తెరుచుకుంది, వెనక మూసుకుంది, చూస్తే సామాను బెల్టుల హాల్లో ఉన్నాం. తిరిగి లోపలికి దారి లేదు. బయటికి వచ్చి, పైకెక్కి, మళ్ళీ సెక్యూరిటీ. నాన్న ఒక్క మాటా అనలేదు కానీ ఆయన నడక చూస్తే నాకే కళ్ళల్లో నీళ్ళొచ్చాయి.

బయటికి రావడం వల్ల ఒక మేలు జరిగింది. ఎయిర్‌లైన్ కౌంటర్ ఖాళీగా కనబడితే వెళ్ళి రెండు ట్యాగుల ముక్కలూ ఇచ్చి, మా పెట్టెలు ఏ విమానంలో ఉన్నాయో చూడమన్నాను. ఆ అమ్మాయి ఓపిగ్గా స్క్రీన్ నావైపు తిప్పింది. నా బ్యాగ్‌కి పొద్దున్నే స్కాన్ ఉంది, కొత్త విమానం నంబర్ కూడా ఉంది. నాన్న సూట్‌కేస్‌కి ముందురోజు రాత్రి విమానంలోంచి దించినప్పటి స్కాన్ తర్వాత ఏమీ లేదు. "సిస్టమ్‌లోనే ఉంటుంది, మీతో వస్తుంది" అంది. ఆమె మొహం చూస్తే ఆమెకే నమ్మకం లేదు.

నాకు మండేది ఇక్కడే. విమానం రద్దయితే మనిషికి కొత్త బోర్డింగ్ పాస్ క్షణాల్లో వస్తుంది. పెట్టె మెడలో మాత్రం నిన్నటి విమానం ట్యాగే వేలాడుతుంటుంది. ఆ ట్యాగ్ మీద పది అంకెల నంబర్ ఉంటుంది, అదే పెట్టెకి గుర్తింపు. కంప్యూటర్లో ఆ నంబర్‌కి కొత్త విమానం జతచేస్తేనే బెల్ట్ దాన్ని సరైన దారికి మళ్ళిస్తుంది. ఫ్రాంక్‌ఫర్ట్ కింద ఈ బెల్టులే దాదాపు 80 కిలోమీటర్లున్నాయి. ట్యాగ్ చినిగినా, తడిసి బార్‌కోడ్ చెరిగినా స్కానర్ చదవలేదు, పెట్టె పక్కకి వెళ్ళిపోతుంది, ఎవరో చేత్తో పట్టుకుని చూసే దాకా అక్కడే. మామూలు రోజున నాలుగు పెట్టెలైతే చూస్తారు. ఒక రాత్రిలో డజన్ల విమానాలు రద్దయితే గుట్టలు పడతాయి.

2018 జూన్ నుంచి అయాటా (విమానసంస్థల అంతర్జాతీయ సంఘం) 753 తీర్మానం ప్రకారం విమానసంస్థలు పెట్టెని నాలుగు చోట్ల లెక్క చూసుకోవాలి. మన దగ్గర తీసుకున్నప్పుడు, విమానంలో ఎక్కించినప్పుడు, కనెక్షన్‌లో చేతులు మారినప్పుడు, చివర్లో మనకి అప్పగించినప్పుడు. అంటే మా సూట్‌కేస్ కొత్త విమానం ఎక్కలేదని విమానం లేచేలోపే వాళ్ళ కంప్యూటర్‌కి తెలుసు. ఆ ముక్క మాకు మెసేజ్‌గా పంపడానికి ఏమడ్డం? గేటు దగ్గరే చెప్పుంటే నాన్న లిస్బన్‌లో బెల్ట్ పక్కన అంతసేపు నిలబడేవారు కాదు.

లిస్బన్, అదే రోజు సాయంత్రం

నా బ్యాగ్ మొదటి పదింటిలోనే వచ్చింది. ఒక్కో పెట్టే తగ్గుతూ చివరికి ఎవరిదో పిల్లల సైకిల్ ఉన్న అట్టపెట్టె ఒకటే తిరుగుతూ మిగిలింది. తర్వాత బెల్ట్ ఆగింది. లక్సెంబర్గ్ ఆవిడ తన సామాను తోసుకుంటూ వెళ్తూ ఆగి, నాన్న భుజం తట్టి వెళ్ళింది.

హాల్లోంచి బయటికి అడుగు పెట్టకముందే కౌంటర్‌లో ఫిర్యాదు రాయించుకోవాలి. దాన్ని పీఐఆర్ అంటారు, ప్రాపర్టీ ఇర్రెగ్యులారిటీ రిపోర్ట్. ఇంటికెళ్ళి ఫోన్ చేద్దాంలే అనుకుంటే తర్వాత పెట్టె రాలేదని రుజువు చేసుకునే బరువంతా మన మీద పడుతుంది. లైన్లో మా ముందు చాలామందే ఉన్నారు, అందరూ నిన్నటి రద్దుల బాధితులే. కౌంటర్‌లో ఉన్నతను ఎయిర్‌లైన్ మనిషి కూడా కాదు, చాలా సంస్థలకి కలిపి పనిచేసే గ్రౌండ్ కంపెనీ ఉద్యోగి. పొద్దుటి నుంచి తిట్లు తింటున్నట్టుంది, గొంతు బొంగురుపోయింది. నాన్న వెళ్ళగానే రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టారు. అతను లేచి నిలబడి కుర్చీ చూపించాడు.

పెట్టెల బొమ్మలున్న అట్ట ఒకటి ముందు పెట్టాడు, రంగుకీ ఆకారానికీ కోడ్ ఉంటుంది. నాన్న వేలు పెట్టి చూపించారు. ఆ తర్వాత "లోపల ఏమున్నాయి, ఎవరి పెట్టెలోనూ ఉండనిది ఏదైనా చెప్పండి" అని అడిగాడు. బట్టలు, తువ్వాలు అంటే లాభం లేదట, ప్రతి పెట్టెలోనూ అవే. నాన్న ఆలోచించి, "ఇత్తడి కాఫీ ఫిల్టర్" అన్నారు. అమ్మ వాడింది, అక్కకిద్దామని తెచ్చారు. నేనది ఇంగ్లీషులో చెప్తే అతనికి అర్థం కాలేదు. నాన్న అక్కడున్న కాగితం తీసుకుని బొమ్మ గీశారు. రెండు గిన్నెలు ఒకదాని మీద ఒకటి, పై గిన్నె అడుగున చిల్లులు, లోపల గొడుగులాంటి పిడి. చిల్లులు ఒక్కొక్కటే చుక్కలు పెట్టారు. అతను శ్రద్ధగా చూసి "రెండు భాగాల ఇత్తడి కాఫీ పాత్ర, చిల్లుల పళ్ళెం" అని టైప్ చేశాడు. లైన్లో వెనక ఎవరూ గొణగలేదు.

చేతికిచ్చిన కాగితం మీద పది అక్షరాల నంబర్. మొదట ఎయిర్‌పోర్ట్ కోడ్, తర్వాత ఎయిర్‌లైన్ కోడ్, ఆపైన అయిదంకెలు. దాంతో వరల్డ్‌ట్రేసర్ అనే వ్యవస్థలో వెతుకుతారు. మనం ఇచ్చిన వివరాలు ఒకవైపు, ప్రపంచంలో ఎక్కడైనా యజమాని తెలియక మిగిలిన పెట్టెల వివరాలు ఇంకోవైపు పెట్టి పోల్చి చూస్తుంది. దాన్ని నడిపే సీటా సంస్థ లెక్కల్లో 2024లో ప్రపంచం మొత్తం మీద 3.34 కోట్ల పెట్టెలు ఇలా దారి తప్పడమో ఆలస్యమవడమో దెబ్బతినడమో జరిగింది, వెయ్యి మంది ప్రయాణికులకి 6.3 చొప్పున. అందులో 41 శాతం కనెక్షన్‌లో మారేటప్పుడు జరిగినవే. 2007లో వెయ్యికి దాదాపు 19 ఉండేవి కాబట్టి బాగుపడ్డట్టే, కాదనను. ఆ రాత్రి అక్క ఇంట్లో బావ లుంగీ కట్టుకుని కూర్చున్న నాన్నకి ఆ మాట ఏం చెప్పను.

లిస్బన్, ఆగస్టు 15

మనకి స్వాతంత్ర్య దినం, వాళ్ళకి మేరీమాత పండగ, అక్కడా ప్రభుత్వ సెలవే. ఎయిర్‌లైన్ హెల్ప్‌లైన్‌లో పాట వినిపిస్తూనే ఉంది. బట్టలు కొనాలి. అక్క మమ్మల్ని మార్తిమ్ మొనీజ్‌కి తీసుకెళ్ళింది. అక్కడంతా బంగ్లాదేశ్, ఇండియా, నేపాల్, చైనా వాళ్ళ దుకాణాలు, సెలవైనా చాలావరకు తెరిచే ఉన్నాయి. రెండు చొక్కాలు 18 యూరోలు, ప్యాంటు 15, బనియన్లు, లోదుస్తులు 14, చెప్పులు 9. షాపాయన బంగ్లాదేశీ, బిల్లు అడిగితే అక్క పన్ను నంబర్ కూడా వేసి పద్ధతిగా ఇచ్చాడు. పోర్చుగల్‌లో ఏది కొన్నా ఆ నంబర్ కావాలా అని అడుగుతారు. ఎయిర్‌లైన్ దగ్గర డబ్బు రాబట్టాలంటే ఇలాంటి సరైన బిల్లే కావాలి.

ఎంతదాకా ఖర్చు పెట్టొచ్చని చాలామంది అడుగుతారు. అంతర్జాతీయ విమాన ప్రయాణాలకి వర్తించే మాంట్రియల్ ఒప్పందం ప్రకారం సామాను విషయంలో ఒక్కో ప్రయాణికుడికి గరిష్ఠ బాధ్యత 1,519 ఎస్‌డీఆర్. ఎస్‌డీఆర్ అంటే ఐఎంఎఫ్ లెక్కగట్టే యూనిట్. 2024 డిసెంబర్ 28 నుంచి ఈ హద్దు అమల్లో ఉంది. అంత ఇచ్చేస్తారని కాదు, నిజంగా అవసరమై కొన్నవాటికి బిల్లు చూపిస్తే ఇస్తారు. కొన్ని సంస్థలు రోజుకి ఇంతే అని తమ సొంత లెక్క చెప్తాయి, ఒప్పందంలో మాత్రం రోజు లెక్క ఏమీ లేదు.

మధ్యాహ్నం మోరారియా సందుల్లో చిన్న హోటల్లో కూర్చున్నాం. కూర్చోగానే రొట్టె, ఆలివ్ కాయలు, చిన్న వెన్న పొట్లాలు తెచ్చి పెట్టారు. ఉచితం కాదు, తింటేనే బిల్లులో వేస్తారు, వద్దంటే మొహమాటం లేకుండా తీసుకెళ్ళిపోతారు. అక్క ఆలివ్‌లు ఉంచుకుని మిగతావి పంపేసింది. వేసవి కాబట్టి బొగ్గుల మీద కాల్చిన సార్డీన్ చేపలు తీసుకున్నాం, ఉప్పురాళ్ళు తప్ప మసాలా ఏమీ లేదు. నాన్న ఫోర్క్ పక్కన పెట్టేసి చేత్తో ముల్లంతా ఒక్క లాగుతో తీసేశారు, తల నుంచి తోక దాకా తెగకుండా. వడ్డించే పెద్దాయన అది చూసి లోపల్నుంచి వంటామెని పిలుచుకొచ్చి చూపించాడు. ఫ్రాంక్‌ఫర్ట్ తర్వాత నాన్న మొహంలో నవ్వు అప్పుడే చూశాను.

లిస్బన్, ఆగస్టు 16, 17

శనివారం సాంతా క్లారా మైదానంలో ఫెయిరా ద లాడ్రా అనే పాతసామాను సంత. మంగళ, శనివారాల్లోనే పెడతారు. 28 నంబర్ ట్రామ్ ఎక్కుదామంటే స్టాప్ దగ్గర జనం చూసి భయమేసి, మెల్లగా ఆగుతూ ఆగుతూ నడిచాం. పింగాణీ పలకలు, తాళంచెవులు, పాత రేడియోలు నేల మీద దుప్పట్లేసి అమ్ముతారు. నాన్న ఒక్కో వస్తువూ చేతిలోకి తీసుకుని ఇది ఏ పనికో చెప్పుకుంటూ నడిచారు, ఏదీ కొనలేదు.

వెబ్‌సైట్‌లో నంబర్ కొట్టినప్పుడల్లా "వెతుకుతున్నాం" అనే వచ్చింది. నాన్న పెట్టెలో ట్రాకర్ ఉంది, ఫోన్లో అది ఫ్రాంక్‌ఫర్ట్ ఎయిర్‌పోర్ట్‌లోనే ఉన్నట్టు చూపిస్తోంది. ఆ లొకేషన్ లింక్‌ని ఫిర్యాదుకి జతచేసే సదుపాయం కొన్ని సంస్థలు ఇప్పటికే ఇచ్చాయి. మాది ఇవ్వలేదు. హెల్ప్‌లైన్‌లో చెప్తే "మీ ఫోన్లో కనబడేది మేం తీసుకోలేం" అన్నారు. పెట్టె ఎక్కడుందో యజమానికి తెలుసు, దాని పక్కనే నడిచే మనిషికి తెలియదు. ఆ మూడు నిమిషాల కాల్‌లో నాకొచ్చినంత కోపం రద్దయిన రాత్రి కూడా రాలేదు.

ఆదివారం రాత్రి మెసేజ్ వచ్చింది, దొరికిందని. వివరంగా ఉన్న మెయిల్ చదివితే తెలిసింది. ట్యాగ్ ఊడిపోయిన పెట్టెని ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఎవరో తెరిచి, లోపలి వస్తువులు రాసుకున్నారు. వాటిల్లో ఇత్తడి కాఫీ పాత్ర ఉంది. దాంతోనే జత కుదిరింది.

లిస్బన్, ఆగస్టు 18

సాయంత్రం నాలుగు లోపు తెస్తామన్నారు, కదలకుండా కూర్చున్నాం. అయిదింటికి "ప్రయత్నించాం, చిరునామా అసంపూర్తి" అని మెసేజ్. పోర్చుగల్‌లో అడ్రసంటే ఇంటి నంబర్‌తో అయిపోదు. మూడో అంతస్తు ఎడమ, మూడో అంతస్తు కుడి అని చివర్లో రాస్తారు, బెల్లుల మీద పేర్లుండవు, ఆ ఎడమ కుడి మీదే అంతా నడుస్తుంది. నేను పీఐఆర్‌లో రాయించిన "ఎడమ" అన్న ముక్క కొరియర్ కాగితం దాకా చేరలేదు. అక్క పరుగున కిందికి దిగి చూస్తే వ్యాన్ లేదు. ఇంతలో ఎదురు వాటాలో ఉండే ముసలావిడ తలుపు తీసి ఏదో అంది. కొరియర్ కుర్రాడు అన్ని బెల్లులూ నొక్కుతుంటే ఆవిడే దిగి, ట్యాగ్ మీద పేరు చూసి, అక్కావాళ్ళ పేరులాగే ఉందని సంతకం పెట్టి తీసుకుందట. ఆ పెట్టె ఆవిడ వంటింట్లో గోడకి ఆనించి ఉంది, కింద పాత వార్తాపత్రిక పరిచి మరీ పెట్టింది.

పెట్టె పిడికి రష్ అని రాసిన కొత్త ట్యాగ్, యజమాని లేకుండా ఒంటరిగా పంపే సామానుకి వేస్తారు. ఒక మూల చక్రం విరిగిపోయింది. బట్టలు చెమ్మ వాసన. ఫిల్టర్‌కి ఏమీ కాలేదు. చక్రం ఫొటో తీసి ఆ రాత్రే ఎయిర్‌లైన్‌కి రాశాను. సామాను దెబ్బతింటే చేతికొచ్చిన 7 రోజుల్లోపు, ఆలస్యమైతే చేతికొచ్చిన రోజు నుంచి 21 రోజుల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు చెయ్యాలి. ఎయిర్‌పోర్ట్‌లో రాయించిన పీఐఆర్ చాల్లే అని ఊరుకుంటే దాన్ని ఫిర్యాదుగా లెక్కెయ్యకపోవచ్చు, విడిగా రాయడమే మంచిది. 21 రోజులైనా రాకపోతే అసలు పోయినట్టే లెక్క, అప్పుడు మొత్తం పెట్టె విలువ అడగొచ్చు. కోర్టుకి వెళ్ళాలంటే రెండేళ్ళ గడువు.

వచ్చాక

మిగతా రోజులు నాన్న, అక్క తిరిగినవి వేరే రాస్తాను, వాటిల్లో ఎయిర్‌పోర్ట్ వాసన ఉండకూడదు. తిరుగు ప్రయాణంలో కనెక్షన్‌కి నాలుగు గంటలు ఉండేలా చూసుకున్నాం, పెట్టెల ఫొటోలు, లోపలి సామాను ఫొటోలు ఫోన్లో పెట్టుకున్నాం, రెండు పెట్టెల్లోనూ ఇద్దరి బట్టలూ కలిపి సర్దాం.

మొత్తం 56 యూరోల బిల్లులకి 47 ఇస్తామని ఎయిర్‌లైన్ మొన్న మెయిల్ పెట్టింది, చెప్పులు "అత్యవసరం కాదు" అని కొట్టేసి ఆ 9 తగ్గించింది. 70 ఏళ్ళ మనిషికి చెప్పులు అత్యవసరం ఎలా కాదో చెప్పమని తిరిగి రాశాను. చక్రం గురించి ఇంకా జవాబు రాలేదు.